కోటయ్య గారి మౌస్

మాచర్ల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో చిన్నకోటయ్య అంటే తెలియనివాళ్ళు ఆ రోజుల్లో ఎవరూ లేరు. అలాగని ఆయన పెద్ద ఆఫీసరేమీ కాదు. డ్రాయింగ్ ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్, అంతే. క్వారీ మ్యాపులైనా, కొత్త షెడ్ల ప్లానులైనా ఆయన బల్ల మీదనుంచే రావాలి. ఆయన గీత గీశాడంటే చెరిపే పని ఉండదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. కొంచెం పొగరు కూడా ఉండేదనే చెప్పాలి. ఎవరైనా పక్కన నిలబడి చూస్తుంటే, వాళ్ళు మెచ్చుకునేదాకా తల ఎత్తేవాడు కాదు.

ఏటా దసరాకి ఆయుధపూజ నాడు ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. ముందురోజే ఎవరి పనిముట్లు వాళ్ళు కడిగి తుడిచి పెట్టుకోవాలి. పూజనాడు లారీలకు నిమ్మకాయలు, క్రషర్‌కు బూడిదగుమ్మడికాయ, స్పానర్లకు పసుపు కుంకుమలు. డ్రాయింగ్ ఆఫీసులో మాత్రం పూజ అయ్యాక కోటయ్య కొత్త ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్ను సిరాలో ముంచి, పెద్దగా శ్రీ రాసేవాడు. మేనేజరు దగ్గర్నుంచి స్వీపర్ల దాకా అందరూ చుట్టూ చేరేవాళ్ళు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చంకల్లో పిల్లల్ని వేసుకుని మరీ వచ్చి చూసేవాళ్ళు. ఆ కాగితం మళ్ళీ దసరా దాకా గోడ మీద ఉండేది.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

ఊరికే ఉన్నప్పుడు బాగానే ఉండేది. దేన్నైనా పట్టుకుని ఎత్తినప్పుడే సన్నగా వణికేది. బల్ల మీద మోచెయ్యి మోపి, పెన్నును స్కేలుకు ఆనించి గీస్తాడు కాబట్టి గీతల్లో అది బయటపడలేదు. శ్రీ రాసేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకునేవాడు. అది భక్తి అనుకున్నారు జనం. క్యాంటీన్లో టీ మానేశాడు. అడిగితే పైత్యం చేస్తుందనేవాడు. ఇంట్లో భార్య సుబ్బరత్నం ఎందుకోగానీ ఎప్పుడూ సగం గ్లాసే పోసి ఇచ్చేది. పాలు సరిపోవడం లేదేమో అనుకుని, అదీ ఒకందుకు మంచిదే అని ఆయన అడిగేవాడు కాదు. ఆమెకు కూడా చెప్పలేదు.

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. తండ్రి బక్కయ్య నాపరాయి క్వారీలో రాళ్ళు చెక్కేవాడు. ఒక వేసవిలో ఆయన చేతిలో ఉలి నిలవడం మానేసింది. మేస్త్రీ వచ్చి, నలుగురి ముందూ సుత్తి తీసేసుకుని, "ఇంక కావలి కూకో పెద్దాయనా" అన్నాడు. పెద్దాయన అనిపించుకునే వయసు కూడా కాదది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ బక్కయ్య క్వారీ గట్టు మీద కూర్చుని, కింద తోటివాళ్ళ సుత్తి చప్పుళ్ళు వింటూ, మధ్యాహ్నం అన్నం తెచ్చిన కొడుకుతో కూడా మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు కోటయ్యది సరిగ్గా తండ్రికి వణుకు పుట్టిన వయసు.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఫ్యాక్టరీకి కంప్యూటరు దిగింది. దాని కోసం ఏసీ గది కట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. మేనేజరు నాగభూషణరావు గారు కోటయ్యనూ, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కృష్ణకుమారినీ పిలిచి విషయం చెప్పేశారు.

"ఇక ఈ బల్లలు తీసేస్తున్నామండీ. మిషను ఒకటే, కుర్చీ ఒకటే. దసరా దాకా ఇద్దరూ చెయ్యండి. ఎవరి చెయ్యి బాగా కుదిరితే ఆ కుర్చీ వాళ్ళది. కోటయ్య గారూ, మీకేం భయం లేదు, కాకపోతే స్టోర్స్‌లో చూస్తాం."

కృష్ణకుమారికి స్టోర్స్ కూడా లేదు. డిప్లొమా చదివి వచ్చిన పిల్ల, ఇంకా పర్మినెంటు కాలేదు. కుర్చీ రాకపోతే నేరుగా ఇంటికే. ఆ పిల్ల ఆఫీసులో కోటయ్యను సార్ అనేది, గేటు దాటితే బాబాయ్ అనేది. డ్రాయింగు మీద అక్షరాలు రాయడం దగ్గర్నుంచి సిరా కారకుండా పెన్ను తుడవడం దాకా ఆయనే నేర్పాడు.

మిషనుతో పాటు కంపెనీ కుర్రాడు రెండు మౌస్‌లు తెచ్చాడు. ఒకటి ఎంచుకోమన్నాడు. ఒకదానికి కింద బంతి లేదు. అద్దంలా మెరిసే రేకు మీద వెలుతురుతో నడుస్తుంది. దూదిలా తేలిక. రెండోది బరువుగా, మొరటుగా ఉంది. కింద రబ్బరు బంతి, ఆ బంతి దొర్లితే తెర మీద బాణం కదులుతుంది. కృష్ణకుమారికి మొదటిదే నచ్చింది. రెండు వేళ్ళతో అటూ ఇటూ తిప్పి, "సార్, చూడండి, అసలు చేతిలో ఏమీ లేనట్టే ఉంది" అని మురిసిపోయింది.

కోటయ్య దాని మీద చెయ్యి వేశాడు. తెర మీద బాణం తడిసిన పిల్లిపిల్లలా వణికింది. నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేసుకున్నాడు. ఎవరూ చూడలేదు.

"ఈ రేకు మన సున్నపు దుమ్ముకి ఆగదండీ" అన్నాడు, గొంతు సవరించుకుని. "వారం తిరక్కుండా గీతలు పడతయ్. బంతిదే తీసుకుందాం."

నాగభూషణరావు గారు తల పంకించారు. అనుభవం అంటే ఇదీ అని కృష్ణకుమారితో కూడా అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, దుమ్ముకి ఆ రేకు నిజంగానే ఆగేది కాదేమో. కానీ కోటయ్య చెప్పింది దుమ్ము గురించి కాదని కోటయ్యకు తెలుసు.

వెళ్ళేముందు ఆ కుర్రాడు మౌస్ తిరగేసి చూపించాడు. కింద రింగు తిప్పితే బంతి ఊడి చేతిలో పడుతుంది. లోపల రెండు చిన్న రోలర్లు. వాటికి మురికి చుట్టుకుంటుంది. వారానికోసారి స్పిరిట్ దూదితో తుడవాలి. లేకపోతే బాణం మొరాయిస్తుంది. కృష్ణకుమారి ముందుకు వంగి శ్రద్ధగా చూసింది.

బరువైన మౌస్ అయినా మొదట్లో బాణం వణికింది. కోటయ్య కృష్ణకుమారిని ఏదో పని మీద బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసుకుని పనిచేసేవాడు. అప్పుడే తొలకరి పడి, గదిలో చెమ్మా, బట్టలకంటిన దుమ్మూ, చేతుల చెమటా కలిసి ఆ బంతికి పట్టుకున్నాయి. రోజురోజుకీ బాణం నెమ్మదించింది. పెద్దగా కదిపితే కదిలేది, చిన్నచిన్న కదలికల్ని పట్టించుకోవడం మానేసింది. ఒకరోజు క్వారీ అంచు వంపులన్నీ చెక్కుచెదరకుండా గీసేసరికి కోటయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి నయమైందనుకున్నాడు. ఆ ఆదివారమే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కోటప్పకొండ ఎక్కి, కొబ్బరికాయ కొట్టి, గుండు చేయించుకుని వచ్చాడు.

"ఏం మొక్కయ్యా ఇది, నాకు చెప్పనేలేదు?" అంది సుబ్బరత్నం.

"ఊరికేలేవే" అన్నాడు.

గుండు మీద వెంట్రుకలు మొలవక ముందే కంపెనీ కుర్రాడు సర్వీసుకి వచ్చాడు. వస్తూనే మౌస్ తిరగేసి, "అబ్బో, ఇదేంటండీ ఇంత మురికి పట్టించారు!" అని రెండు నిమిషాల్లో తుడిచి ఇచ్చేశాడు. కోటయ్య చెయ్యి పెట్టాడు. బాణం మళ్ళీ గజగజలాడింది. ఆయనకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నయమైంది చెయ్యి కాదు. పాడైంది మౌస్.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆయన చేసుకున్న నిర్ణయాన్ని నేను సమర్థించను. కానీ గట్టు మీద కూర్చున్న బక్కయ్యను చూసినవాడెవడైనా ఆ నిర్ణయం చేసుకోకుండా ఉంటాడా అంటే, అదీ చెప్పలేను.

మర్నాటి నుంచి మౌస్ బాధ్యత మొత్తం కోటయ్యదే. అది తన చేతి పనిముట్టు కాబట్టి వేరే ఎవరూ విప్పకూడదన్నాడు. సుబ్బరత్నం పాత పట్టు రవికతో సంచీ కుట్టించాడు. పని కాగానే మౌస్‌ను అందులో పెట్టి, సొరుగులో దాచి, తాళం చెవి అటెండరు జమాల్‌కి ఇచ్చి వెళ్ళేవాడు. ప్రతి శనివారం స్పిరిట్ సీసా పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. గదంతా స్పిరిట్ వాసన. ఆ స్పిరిట్‌తో పైన డొప్ప తుడిచేవాడు, వైరు తుడిచేవాడు. తర్వాత బంతి తీసి, ఇంటి నుంచి చిన్న సీసాలో తెచ్చుకున్న కొబ్బరినూనె చుక్క దానికి రుద్ది, కిటికీ గూట్లో దుమ్ము వేలితో తీసి అద్ది, మళ్ళీ బిగించేవాడు. ఆ పని చేస్తున్నంతసేపూ దొంగలా తలుపు వంక చూస్తూనే ఉండేవాడు.

ఫ్యాక్టరీ అంతా ఇదే కబురు. క్యాంటీన్లో కనపడితే, "ఏం కోటయ్యా, మీ ఎలక్కి మేత పెట్టావా?" అని ఏడిపించేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాడు. ఒక మీటింగులో నాగభూషణరావు గారు లేచి, పనిముట్టును ఎలా చూసుకోవాలో కోటయ్య గారిని చూసి నేర్చుకోండని అందరికీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. కోటయ్యకు భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

ఆయన గీతలు బాగానే వస్తున్నాయి. పోయింది కృష్ణకుమారి పని. ఆ పిల్లది చురుకైన చెయ్యి. చటుక్కున కదుపుతుంది, బాణం కదలదు. విసుగొచ్చి ఇంకాస్త గట్టిగా తోస్తుంది, బాణం ఎగిరి ఎక్కడో పడుతుంది. గీసిన గీతే మళ్ళీ మళ్ళీ గీసుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, నా చెయ్యి ఎందుకు కుదరట్లేదు? మీరు కూర్చుంటే అది చెప్పినట్టు వింటది. నేనంటే దానికి ఏంది పగ?"

కోటయ్య కిటికీ వైపు తిరిగాడు. "చెయ్యి కుదరాలంటే టైం పడుద్ది అమ్మాయ్. తొందరపడమాక."

ఆ పిల్ల నమ్మింది. ఆయన ఏం చెప్పినా నమ్ముతుంది. భోజనాల వేళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడుస్తుండగా కోటయ్య చూశాడు. ఆ రోజు క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయాడు. వేరే విషయాలన్నీ పనిగట్టుకుని నేర్పేవాడు, కొలతలు ఎలా వెయ్యాలో, డ్రాయింగును పొరలుగా ఎలా విడదీయాలో, అడగని వాటితో సహా. నేర్పుతున్నకొద్దీ చెప్పని ఆ ఒక్కటీ ఇంకా బరువెక్కేది.

దసరా దగ్గరపడింది. నాగభూషణరావు గారు పిలిచి, ఈసారి శ్రీ కంప్యూటరు మీద రాయాలన్నారు. కొత్త మిషనుకి మొదటి ఆయుధపూజ, హెడ్డాఫీసు వాళ్ళు కూడా వస్తున్నారు. మౌస్‌తో పాటు బొమ్మలు వేసే ప్రోగ్రాం ఒకటి ఇచ్చారు కదా, దానిలో చేత్తో రాసినట్టే రాయొచ్చు. "పండగ కాగానే ఆర్డరు వేస్తాను. కుర్చీ మీదే. పాపం ఆ అమ్మాయికి చెయ్యి రావడం లేదు కదా?"

"నేర్చుకుంటుందండీ" అన్నాడు కోటయ్య. ఆ మాట ఆయనకే సరిగ్గా వినపడలేదు.

ఆ వారమంతా రాసి చూసుకున్నాడు. జిడ్డుపట్టిన మౌస్ మీద శ్రీ నిదానంగా, నిండుగా వచ్చింది. పూజ ముందురోజు మధ్యాహ్నం సర్వేయరుతో క్వారీకి వెళ్ళాల్సివచ్చింది. మౌస్‌ను సంచీలో పెట్టి, తాళం జమాల్‌కి ఇచ్చి, అటునుంచి అటే ఇంటికి పోయాడు.

పూజరోజు గది గుమ్మంలోనే కృష్ణకుమారి ఎదురొచ్చింది. తలనిండా బంతిపూలు, మొహంలో ఎన్నాళ్ళకో నవ్వు. చేతిలో పట్టుసంచీ.

"బాబాయ్, నిన్న మీరు పనిముట్టు తుడుచుకోకుండానే వెళ్ళారు. క్వారీ నుంచి రారని తెలిసి, జమాల్‌ని తాళం అడిగి నేనే తుడిచాను. గురువు గారి పనిముట్టు శుభ్రం చేసిన పుణ్యం నాకూ కాస్త రానియ్యండి. లోపల చానా జిడ్డుంది బాబాయ్, ఎంత గీకినా..."

అక్కడ ఆగిపోయింది. శనివారం శనివారం తలుపు వేసుకుని తుడిచే మౌస్‌లో అంత జిడ్డు ఎలా ఉందో అప్పుడే ఆలోచన వచ్చినట్టుంది. కోటయ్య ఆ సంచీ అందుకున్నాడు. అందుకున్న చెయ్యి వణికింది. ఆ పిల్ల కళ్ళు ఆ చేతి మీదే నిలిచాయి. ఇంతలో వెనకనుంచి పూజారి గారు, మేనేజరు గారు, హెడ్డాఫీసు వాళ్ళు, జనం తోసుకుంటూ లోపలికి వచ్చేశారు.

హారతి ఇచ్చారు. తెరకు బొట్టు పెట్టారు. మౌస్ మీద ఒక బంతిపూవు పెట్టి తీశారు. ఆడవాళ్ళ గుంపులో సుబ్బరత్నం ప్రసాదం గిన్నెతో నిలబడి ఉంది. నాగభూషణరావు గారు కుర్చీ వెనక్కి లాగి, "రండి కోటయ్య గారూ" అన్నారు.

కూర్చున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకున్నాడు. ఆ పట్టు కాగితం మీద పనికొచ్చింది గానీ, మంచులా జారిపోతున్న ఈ బంతికి ఏమీ చెప్పలేకపోయింది. తెర మీద గీత ముళ్ళు ముళ్ళుగా బయలుదేరింది. వంపు తిరగాల్సినచోట చిక్కుపడింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు, రెండోసారి ఇంకా అధ్వాన్నం. ఎత్తుకున్న పిల్లాడెవడో, "అమ్మా, ఆ తాత ఏం గీస్తున్నాడు?" అన్నాడు. తల్లి వాడి నోరు మూసింది.

"సార్, నేనే సార్!" అని మేనేజరు వైపు తిరిగి అరిచినట్టే అంది కృష్ణకుమారి. "నిన్న ఎవర్నీ అడక్కుండా దాన్ని విప్పాను. తుడవబోయి పాడుచేశాను. సార్ తప్పేం లేదు."

నాగభూషణరావు గారి మొహం ఎర్రబడింది. "ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఆయన కంటికి రెప్పలా చూసుకునే వస్తువు. పని రాకపోగా ఉన్నదాన్ని కూడా చెడగొడతావా? పండగ కాగానే నీ సంగతి చూస్తాను."

కోటయ్య నోరు మెదపకుండా ఉంటే చాలు. మౌస్ రిపేరుకి హైదరాబాదు పోతుంది, వచ్చేదాకా గడువు దొరుకుతుంది, వచ్చాక మళ్ళీ నూనె సీసా ఉంది. తప్పించుకోవడానికి ఆ పిల్ల తలుపు తీసి పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. ఆయనకు లోపల ఆశ కలిగిన మాట నిజం. ఆ ఆశ చూసి ఆయనకు తన మీదే అసహ్యం పుట్టింది. తలెత్తి ఆ పిల్ల వంక చూశాడు. అన్నీ తెలిసే అంటోంది. కళ్ళల్లో కోపం లేదు.

"మౌస్ బాగానే ఉందండీ" అన్నాడు. "ఈ అమ్మాయి తుడిచాకే బాగుపడింది. దాన్ని ఇన్నాళ్ళూ చెడగొట్టింది నేను. చెడింది నా చెయ్యి."

అని ఆ చేతిని గాల్లోకి ఎత్తి చూపించాడు. నలుగురి ముందూ అది ఇష్టమొచ్చినట్టు వణికింది. మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

కోటయ్య లేచి నిలబడ్డాడు. "కూర్చో అమ్మాయ్. నువ్వు రాయి."

"నావల్ల కాదు బాబాయ్."

"నీ చేతికి ఏమీ కాలేదు తల్లీ. ఎప్పుడూ కాలేదు. కూర్చో."

ఏడుస్తూనే కూర్చుంది. మొద్దుబారిన మౌస్‌తో నెలల తరబడి కుస్తీపట్టిన ఆ చేతికి, శుభ్రమైన బంతి దొరికేసరికి గీత నీళ్ళలా పారింది. శ్రీ వచ్చింది. అచ్చం కోటయ్య రాసే శ్రీ, చివర ఆ విసురుతో సహా. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక, ముందు ఒకరూ తర్వాత ఒకరూగా కొట్టారు. కోటయ్య గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఆ చప్పట్లు విన్నాడు. సంతోషం కలగలేదు. కలుగుతుందనుకున్నాడు గానీ, కలగలేదు. తండ్రి విన్న సుత్తి చప్పుళ్ళు ఇలాగే ఉండి ఉంటాయనిపించింది.

దీపావళి లోపలే ఆయన్ను స్టోర్స్‌లో బేరింగులు, బోల్టులు అందించే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అది తర్వాతి మాట. ఆ పండగనాటి సాయంత్రం మాత్రం ఆయన చాలాసేపు వీధి అరుగు మీద మాట్లాడకుండా కూర్చున్నాడు. సుబ్బరత్నం టీ తెచ్చి పక్కన పెట్టింది. ఎప్పటిలాగే సగం గ్లాసు.

దాని వంక చూస్తూ, "ఎన్నాళ్ళ నించి సగమే పోస్తున్నావే నాకు?" అన్నాడు.

"నాలుగేళ్ళు దాటిందిలే."

"నీకెట్టా తెలిసింది?"

సుబ్బరత్నం కొంగుతో గ్లాసు అంచు తుడిచింది. "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో మీ నాన్నకు మీ అమ్మ సగమే పోసేది. ఎందుకత్తా అంటే, నిండా పోస్తే ఒలుకుద్ది, ఒలికితే ఆయన తాగడు, నువ్వు చూడనట్టుండు అంది. నాకు అదే అలవాటయింది."

కోటయ్య గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"నిండా పొయ్యి" అన్నాడు.

ఆమె లోపలికెళ్ళి గిన్నె తెచ్చి అంచు దాకా పోసింది. ఆయన గ్లాసు ఎత్తాడు. వేళ్ళ మీద ఒలికింది, పండగ చొక్కా మీద ఒలికింది. వీధిలో పోయేవాళ్ళు చూశారు. సుబ్బరత్నం గుడ్డ కోసం లేవలేదు, ఆయన మిగిలింది తాగేదాకా పక్కనే కూర్చుంది.